అటక మీది స్పీకర్లు

అట్టపెట్టె మీద 200 వాట్లని పెద్దక్షరాలతో అచ్చేసి ఉంటుంది. లోపలున్న అడాప్టర్‌ను తిప్పి చూస్తే, కళ్లద్దాలు సర్దుకుంటే తప్ప కనబడనంత చిన్నగా, 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటుంది. ఆ రెంటినీ గుణించండి, 24 వస్తుంది. లోపలికి వచ్చే కరెంటే 24 వాట్లయినప్పుడు స్పీకర్లకు 200 ఎక్కణ్ణించి వస్తాయి? బ్లూటూత్ ఆంప్లిఫయర్ కొనాలి, ఏది మంచిదని ఎవరడిగినా నేను చెప్పే మొదటి మాట ఇదే. పెట్టె మీద రాసింది తర్వాత చదవచ్చు, ముందు అడాప్టర్ మీద రాసింది చదవండి.

ఈ చవక పెట్టెలంటే చిన్నచూపు ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు లేదు. అరచేతిలో పట్టే ఆ అల్యూమినియం డబ్బాకు సరైన స్పీకర్లు తోడైతే ఒక మధ్యతరగతి ఇంటి హాలుకు సరిపడా సంగీతం నిజంగానే ఇస్తుంది. ఇంట్లో అందరం కలిసి పాట వినే అలవాటు పోయి ఎవరి చెవుల్లో వాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకునే రోజులివి. వాటి మధ్య ఈ డబ్బా చేసే పని నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

ఆంప్లిఫయర్ అంటే మోయలేని బరువు అనుకునే కాలంలో పెరిగినవాణ్ణి. హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్, బోర్డు, క్యాబినెట్ విడివిడిగా కొనుక్కుని, తెలిసిన మెకానిక్ చేత బిగించుకునేవాళ్లు. వెనక నల్లటి హీట్ సింకు, దాని మీద 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు. ఎలక్ట్రానిక్స్ పని తెలిసిన వాళ్లకు 3055 అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. తర్వాత ఐసీలు వచ్చాయి, టీడీఏ2030 ఒకటి, ఎస్టీకే రకాలు కొన్ని. ఇవన్నీ తీసుకున్న కరెంటులో పెద్ద భాగాన్ని వేడిగా పోగొట్టేవి. ఆ హీట్ సింకులూ, ఆ బరువూ అందుకే.

ఇప్పటి చిన్న పెట్టెల్లో ఉండేది క్లాస్ డి ఐసీ. ఇది సెకనుకు కొన్ని లక్షల సార్లు కరెంటును పూర్తిగా వేస్తుంది, పూర్తిగా ఆపుతుంది. ఎంతసేపు వేయాలో, ఎంతసేపు ఆపాలో పాట నిర్ణయిస్తుంది. చివర్లో ఉన్న కాయిల్, కెపాసిటర్ కలిసి ఆ వేగాన్ని వడగట్టి పాటను మాత్రమే స్పీకర్‌కు వదులుతాయి. మధ్యలో సగం వేసి సగం ఆపే స్థితి ఉండదు కనుక వేడి తక్కువ. తీసుకున్నదాంట్లో 90 శాతం దాకా స్పీకర్‌కే చేరుతుంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీపీఏ3116 ఈ రకంలో బాగా పేరు తెచ్చుకుంది. వెయ్యి రూపాయల లోపు దొరికే ఉత్త బోర్డులోనూ, నాలుగైదు వేలు పెట్టి కొనే పెట్టెలోనూ అదే ఐసీ ఉండడం మామూలే. ధరలో తేడా వచ్చేది క్యాబినెట్ దగ్గర, అడాప్టర్ దగ్గర, వాల్యూమ్ నాబ్ దగ్గర, కాయిళ్ల నాణ్యత దగ్గర.

ఆ ఐసీకే 12 వోల్టులిస్తే 8 ఓముల స్పీకర్‌కు ఒక్కో వైపు 9 వాట్లు మించవు. 19 వోల్టులిస్తే 22 వాట్ల దాకా వస్తాయి. 24 వోల్టులకు 36. లెక్క సులువే, వోల్టుల వర్గాన్ని స్పీకర్ ఓముల రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. అసలు చేతికొచ్చేది అంతకన్నా కాస్త తగ్గుతుంది గాని, పెరగదు. చెడిపోయిన లాప్‌టాప్ తాలూకు 19 వోల్టుల అడాప్టర్ చాలా ఇళ్లలో ఏదో ఒక సొరుగులో పడి ఉంటుంది. దానికి మించిన అడాప్టర్ ఈ పనికి నేను కొనలేదు. పిన్ను సరిపోకపోతే మార్పించుకోవాలి, లోపలి పిన్ను ప్లస్సేనా అని మల్టీమీటర్ పెట్టి చూసుకోవాలి. ఆంప్లిఫయర్ ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుందో దాని వెనక రాసి ఉంటుంది. 12కే చేసిన పెట్టెకు 19 ఇస్తే కాలిపోతుంది. ఉత్త బోర్డుకు 24 వోల్టులు ఇచ్చేముందు దాని మీది కెపాసిటర్లు 35 వోల్టులవా, 25 వోల్టులవా చూడండి. 25వైతే ఆ సాహసం వద్దు. కొత్త అడాప్టర్ కొనాల్సివస్తే బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నదే తీసుకోండి. రాత్రింబవళ్లు ప్లగ్గులో ఉండే వస్తువు అది. అక్కడ వంద రూపాయలు మిగుల్చుకోవడంలో అర్థం లేదు.

22 వాట్లు ఏం సరిపోతాయి అంటారేమో. కబుర్లు చెప్పుకుంటూ వినే స్థాయికి ఒక్క వాటు కూడా పట్టదు. మామూలు స్పీకర్‌కు ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 85 నుంచి 90 డెసిబెళ్ల శబ్దం వస్తుంది. ఆ శబ్దంలో పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లే, చెవికి కాస్త పెరిగినట్టు తోస్తుంది, అంతే. రెట్టింపు గట్టిగా వినబడాలంటే వాట్లు పదింతలు కావాలి. కాబట్టి 50 వాట్ల పెట్టె వదిలేసి 100 వాట్ల పెట్టెకు ఎక్కువ డబ్బు పోస్తే మీరు కొన్నది ఆ 3 డెసిబెళ్లు. ఒకప్పుడు టేప్ రికార్డర్ల మీద పీఎంపీఓ పేరుతో వేల వాట్లు రాసేవారు. నిలకడగా ఇవ్వగలిగే వాట్లు చెప్పేది ఆర్ఎంఎస్ అని ఉన్న అంకె, అది తప్ప మిగతావేవీ లెక్కలోకి తీసుకోకండి.

బాస్ నాబ్ గురించీ ఒక మాట. దాన్ని 10 డెసిబెళ్లు పెంచితే ఆ మంద్ర స్వరాల దగ్గర పదింతల వాట్లు కావాలి. వాల్యూమ్ సగంలోనే ఉన్నా చిన్న పెట్టె అక్కడ చేతులెత్తేస్తుంది, ధ్వని గరగరలాడుతుంది. ఆ గరగర అలాగే సాగనిస్తే ముందు కాలేది ట్వీటర్.

డబ్బు పెట్టాల్సింది స్పీకర్ల మీద. చాలా ఇళ్లలో అవి కొనక్కర్లేదు కూడా. 90ల్లో, 2000 తర్వాతి తొలి ఏళ్లలో కొన్న మ్యూజిక్ సిస్టమ్‌లు అటకెక్కింది క్యాసెట్ డెక్కు బెల్టు తెగి, సీడీ లెన్సు పోయి. వాటి స్పీకర్లలో ఎక్కువ భాగం నిక్షేపంగా ఉంటాయి. వెనక చీటీ మీద 6 ఓములో, 8 ఓములో రాసి ఉంటుంది, ఈ చిన్న ఆంప్లిఫయర్లకు రెండూ పరవాలేదు. కోను చుట్టూ ఉండే అంచు స్పాంజిదైతే మాత్రం ఏళ్లు గడిచేసరికి పొడిపొడిగా రాలిపోతుంది. వేలితో తాకితే తెలుస్తుంది. ఆ అంచు ఒక్కటీ కొత్తది అతికించే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు, వెతికి పట్టుకోండి. బట్ట అంచు, రబ్బరు అంచు చాలాకాలం నిలుస్తాయి.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త తప్పదు. ఈ పెట్టెల్లో ఎక్కువ రకాల్లో స్పీకర్ నలుపు తీగ కూడా ఉత్త గ్రౌండు కాదు, దాంట్లోనూ సిగ్నల్ ఉంటుంది. పాత సిస్టమ్‌ల అలవాటు కొద్దీ కుడి, ఎడమ స్పీకర్ల నలుపు తీగలు రెండూ ఒకచోట కలిపినా, క్యాబినెట్ రేకుకు తగిలించినా ఐసీ పోతుంది. నాలుగు తీగలు నాలుగు చోట్లకే వెళ్లాలి.

అన్నీ బిగించాక నేను మొదట పెట్టేది 50ల, 60ల నాటి ఘంటసాల పాట. అభిమానం ఎలాగూ ఉంది, దాంతోపాటు పని కూడా ఉంది. ఆ కాలపు మన సినిమా పాటలు మోనో. అంటే రెండు స్పీకర్లకూ వెళ్లేది ఒకే ధ్వని. రెండూ సరిగ్గా పలుకుతుంటే, వాటికి సమదూరంలో ఎదురుగా కూర్చున్నప్పుడు గొంతు కుడి పెట్టెలోంచీ రాదు, ఎడమ పెట్టెలోంచీ రాదు. రెంటి మధ్య, ఏ వస్తువూ లేని ఖాళీలోంచి వస్తుంది. మనిషి అక్కడ నిలబడి పాడుతున్నాడని చెవి నమ్ముతుంది. ఒక స్పీకర్‌కు ఎరుపు, నలుపు తారుమారయ్యాయా, ఆ మనిషి మాయం. గొంతు గదంతా చెదిరి ఎటునుంచి వస్తోందో తెలియదు, తబలా గుమికి పలచబడుతుంది. ఒక కోను ముందుకు తోస్తున్నప్పుడు రెండోది వెనక్కి లాగుతుండడం వల్ల మంద్ర స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. తీగలు ఒకవైపు మార్చి బిగిస్తే ఘంటసాల తిరిగి నడిమధ్యకు వస్తాడు. దీనికి ఏ మీటరూ అక్కర్లేదు, ఇంట్లో ఎవరు విన్నా చెప్పగలరు. అయితే పాత పాటలకు తర్వాత కొత్త వాద్యాలు కలిపి స్టీరియో చేసినవి కొన్ని తిరుగుతున్నాయి. పరీక్షకు అవి పనికిరావు, అసలు రికార్డింగే కావాలి.

గొంతు మధ్యలో కాక ఒక పక్కకు ఒరిగి వినిపిస్తోందంటే రెండు కారణాలు వెతుకుతాను. ఒక స్పీకర్ గోడమూలలో ఇరుక్కుని, రెండోది బయట ఉండొచ్చు. లేదంటే లోపం వాల్యూమ్ నాబ్‌ది. చవక నాబ్‌లు తిప్పిన మొదటి పావు వంతులో రెండు వైపులా సమానంగా పలకవు. పెట్టె మీది నాబ్‌ను సగం దాకా తిప్పి ఉంచి, ఫోన్‌లో తగ్గించుకుంటే ఆ తేడా పోతుంది. రాత్రిపూట మెల్లగా వినేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

తర్వాత ఇళయరాజా. 1989 నాటి గీతాంజలి పాటలు ఫోన్‌లో వందలసార్లు విన్నవాళ్లకు కూడా బాస్ గిటారు ఏం వాయించిందో తెలిసే అవకాశం తక్కువ. బాస్ గిటారు లావు తీగ పలికేది సెకనుకు దాదాపు 41 కంపనాల స్వరం. గోరంత ఫోన్ స్పీకర్ ఆ దరిదాపులకు రాలేదు. అయిదారు అంగుళాల కోను ఆ అడుగు దాకా పూర్తిగా దిగకపోయినా, పాట కింద ఇంకో పాట నడుస్తోందని తెలియజేస్తుంది. కచేరీ రికార్డింగుల్లో మృదంగం ఎడమ ముఖం సంగతీ అంతే. మన వాద్యగాళ్ల కష్టంలో సగం ఫోన్ మింగేస్తోందని నా బాధ.

బ్లూటూత్ గురించి జనం పడే బెంగ అవసరానికి మించినది. ధ్వని నాణ్యత కోసం ఎల్‌డాక్, ఆప్టెక్స్ అని కోడెక్‌ల పేర్లు వెతుక్కుని ఎక్కువ ధర పెట్టక్కర్లేదు. అన్ని పరికరాల్లోనూ ఉండే మామూలు ఎస్‌బీసీ కూడా సెకనుకు 328 కిలోబిట్ల దాకా మోయగలదు. హాల్లో కూర్చుని వినేవాళ్లకు అది చాలు. ధ్వని కాస్త ఆలస్యంగా చేరుతుంది కనుక టీవీకి మాత్రం తీగే వాడండి, లేకపోతే పెదవులు ముందు కదిలి మాట తర్వాత వినిపిస్తుంది. ఇంకో ఇబ్బంది, చాలా పెట్టెలకు పిన్ నంబరు ఉండదు. మీ ఫోన్ తప్పుకుంటే పక్క ఫ్లాటు పిల్లల ఫోన్ వచ్చి కూర్చోవచ్చు. వాడనప్పుడు స్విచ్ ఆపడమే మందు.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక రిటైర్డ్ మాస్టారికి ఇలాగే పాత స్పీకర్లకు పెట్టె బిగించి ఇచ్చాను. వారం తిరక్కుండానే వచ్చి, “పాట బాగుందయ్యా, కానీ ఎవరన్నా ఫోన్ చేస్తే చాలు ఆగిపోతోంది, పైగా ఆ మోతంతా హాల్లో వినబడుతోంది” అన్నారు. “మీ అబ్బాయి వదిలేసిన పాత ఫోన్ ఉందిగా మాస్టారూ, సిమ్ లేకుండా దాన్ని దీనికే కేటాయించండి” అన్నాను. ఇప్పుడా ఫోన్‌లో ప్రసార భారతి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ఒకటే ఉంటుంది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి ఆయన హాల్లో మళ్లీ పెద్ద గొంతుతో పలుకుతోంది. యాంటెనా సర్దే పనీ లేదు, గరగరా లేదు. ఇదే యాప్ అమెరికాలో ఉన్న వాళ్లబ్బాయి ఇంట్లోనూ పలుకుతుంది.

స్పీకర్లను షోకేసులో బొమ్మల వెనకో, బీరువా మీదో పెట్టకండి. కూర్చున్నప్పుడు చెవి ఎత్తుకు రావాలి, గోడకు అడుగు దూరం ఉండాలి. రెంటి మధ్య ఎంత దూరమో మీకూ వాటికీ అంతే దూరం ఉంటే మంచిది. మన ఇళ్లలో నేల టైల్స్, గోడలు బోసి, ధ్వని తగిలి తిరిగి వస్తూనే ఉంటుంది. ఒక మందపాటి పరదా, నేల మీద ఒక జంపఖానా వేసి మళ్లీ వినండి. ఆంప్లిఫయర్ మార్చినా రాని తేడా వస్తుంది.

పాత సామాన్లవాడికి స్పీకర్లు వేసేముందు ఒక్కసారి వాటిని దించి దులపండి. గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు తీసుకుని, స్పీకర్ తీగలు రెండూ దాని రెండు చివరలకు ఒక్క క్షణం తాకించండి. టప్‌మని కోను కదిలితే ఊఫర్ బతికే ఉంది. కోను ముందుకు వచ్చిందంటే సెల్లు ప్లస్‌కు తాకిన తీగ ఎరుపు వైపుది. ఒక గుర్తు పెట్టుకుని, అప్పుడు ఆంప్లిఫయర్ కొనడానికి బయల్దేరండి.