సముద్రమట్టమును చెప్పెడి యంత్రము

చిత్తూరు, పాకాల, రేణిగుంట వంటి రైలు స్టేషనుల పసుపుపచ్చ బోర్డులపై ఊరి పేరు క్రింద, సముద్రమట్టమునకు ఎన్ని మీటర్ల ఎత్తో వ్రాయుట వాడుక. విద్యార్థులు దానిని చదువుదురు. ఆ మట్టమును ఎవరు, ఎచట కొలిచిరని అడుగువారు అరుదు. తప్పు వారిది కాదు. సముద్రమట్టమును కదలని గీతగాను, సునామీని భూకంపముల పాఠమునకు తోకగాను చెప్పి ముగించుట మనకు అలవాటైనది. రెంటికిని ఆధారమైన యంత్రము ఏ పాఠమునకును చెందక మిగిలిపోవుచున్నది.

అదియే ఆటుపోటుల మాపకము. ఓడరేవులలో దీనిని టైడ్ గేజి అందురు. పాతరకపు గేజి మిక్కిలి సులువైనది. నీటిలో నిలువుగా ఒక గొట్టము, దాని అడుగున చిన్న రంధ్రము, లోపల తేలియాడు డబ్బా. వెలుపల అలలు ఎంత ఎగిరిపడినను సన్నని రంధ్రము గుండ నీరు అంత త్వరగా రాకపోకలు చేయజాలదు. గంటల తరబడి సాగు ఆటుపోటులు మాత్రము డబ్బాను ఎత్తి దింపును. దానికి తగిలించిన కలము తిరుగుచున్న కాగితముపై గీత గీయును. సునామీలో ఒక తరంగము దాటుటకు పది నిమిషములు మొదలు గంట వరకు పట్టును. కావున అదియు ఆ గీతలో పడును. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ చెంత భూకంపము కలిగినపుడు, బంగాళాఖాతము చుట్టునున్న 8 గేజిలు సునామీని గుర్తించినవి. దాని ఎత్తు 80 సెంటీమీటర్లకు మించలేదు!

స్టేషను బోర్డుల అంకెలకు మూలము కూడ ఇట్టి గేజిలే. 1858లో మొదలై 1909లో ముగిసిన సర్వే మద్రాసు, నాగపట్టణము, విశాఖపట్టణము మొదలగు 9 రేవుల సగటు మట్టములను సున్నగా గైకొన్నది. చంద్రుని కక్ష్య వలన ఆటుపోటులు 18.6 సంవత్సరముల కొక చక్రము తిరుగును. అందుచే మంచి సగటుకు రెండు దశాబ్దముల ఓర్పు కావలెను.

ఇక 2004 డిసెంబరు 26. సుమత్రా చెంత భూకంపము మన కాలమున ఉదయము సుమారు 6 గంటల 29 నిమిషములకు కలిగినది. చెన్నై తీరమునకు కెరటము 9 గంటల ప్రాంతమున వచ్చినది. ఆంధ్ర తీరమున వందకు పైగా ప్రాణములు పోయినవి. చెన్నై, విశాఖ గేజిలు కెరటమును నమ్మకముగా వ్రాసినవి. ఆ వ్రాత రేవులోనే ఉండిపోయినది. దానిని తక్షణమే అందుకొని చదువు కేంద్రము నాడు లేదు. అయితే ఉన్నను, చెన్నై గేజి చెన్నైని కాపాడగలిగెడిది కాదు. కెరటము గేజిని తాకునప్పటికే ఒడ్డును తాకుచున్నది గదా! భూకంపస్థానమునకు మన తీరమునకు నడుమ, అండమాన్ నికోబార్ దీవులలో ఉన్న గేజి పలుకవలెను. ఒంటరి గేజి చరిత్ర వ్రాయును. గేజిల వరుసయే హెచ్చరించును. పాఠములో చెప్పవలసినది ఇది.

2007 అక్టోబరులో హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ సంస్థలో హెచ్చరిక కేంద్రము ఏర్పడినది. గేజిల కొలతలు నేడు ఉపగ్రహముల ద్వారా కొద్ది నిమిషములలో అచటికి చేరును. 2012 ఏప్రిల్ 11న సుమత్రా చెంత 8.6 పరిమాణము గల భూకంపము రాగా, కేంద్రము 8 నిమిషములలో మొదటి ప్రకటన చేసినది. కాని నాడు భూమి పొరలు ప్రక్కకు జారినవే గాని సముద్రపు అడుగు అంతగా పైకి లేవలేదు. నీటిలోని పరికరములు స్వల్పమైన పెరుగుదలనే చూపగా హెచ్చరికను ఉపసంహరించిరి. భూకంపలేఖిని ప్రమాదము రావచ్చునని మాత్రమే చెప్పగలదు. వచ్చినదో లేదో నీరే చెప్పవలెను. ఊరక పరుగెత్తించిన జనము మరుసటిసారి కదలరు. 2022 నుండి శ్రీహరికోట, తడ ప్రాంతములు తిరుపతి జిల్లాలోనివి కావున, ఇది మనకు పొరుగు జిల్లా సంగతి కాదు.

ఉపగ్రహములుండగా ఈ గొట్టములేల అనువారు కలరు. 2004లో జేసన్-1 ఉపగ్రహము భూకంపమైన రెండు గంటలకు ఆ కెరటము మీదుగా పోయి, సుమారు 60 సెంటీమీటర్ల ఉబ్బును కొలిచిన మాట నిజమే. అది కేవలము అదృష్టము. అట్టి ఉపగ్రహము ఒకే చోటికి తిరిగి వచ్చుటకు 10 దినములు పట్టును. నాటి కొలత చేతికందుటకే గంటలు పట్టినవి.

గేజికి లోపములు లేకపోలేదు. అది నీటిని తాను నిలిచిన నేలతో పోల్చి కొలుచును. హుగ్లీ ముఖమునందలి డైమండ్ హార్బరు గేజి సంవత్సరమునకు 5 మిల్లీమీటర్లకు పైగా పెరుగుదల చూపగా, విశాఖలో అది సుమారు ఒక మిల్లీమీటరే. బంగాళాఖాతము ఒక మూలనే అంతగా ఉబ్బుట జరుగదు. డెల్టా నేల క్రుంగుచున్నది. అందుచేతనే గేజి ప్రక్కన నేల కదలికను కొలుచు జి.పి.యస్. గ్రాహకమును కూడ నిలుపవలసియున్నది.