మెదడు తరంగములలో కదలికల ఆనవాళ్లు

చేయి కదలింపవలెనని తలచినంతనే ఆ తలపును యంత్రము చదివినదను వార్తలలో ‘నూటికి ఇన్ని’ అని ఒక అంకె ఉండును. ఆ అంకె ఏ పరీక్షలో వచ్చినదో విచారింపక నమ్మరాదు.

జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారిగా మానవుని మెదడు తరంగములను నమోదు చేసి 1929లో ప్రకటించెను. తలపై అంటించిన ఎలెక్ట్రోడులకు అందునది కొన్ని పదుల మైక్రోవోల్టులు మాత్రమే. అయినను అందులో ఒక ఆనవాలు కలదు. చేయి ఊరకున్నప్పుడు మెదడులోని చేతి స్థానముపై సెకనుకు 8 మొదలు 13 సార్లు ఊగు లయ కానవచ్చును. చేతిని కదలించినను, కదలించినట్లు ఊహించినను అది సన్నగిల్లును. కుడిచేతికి ఎడమవైపున, ఎడమచేతికి కుడివైపున ఈ మార్పు హెచ్చు. పాదముల స్థానములు మెదడు నడిమి చీలికలో ఎదురెదురుగా దాగియుండుటచే ఏ పాదమో తేల్చుట కష్టము.

ఈ రంగమున మిక్కిలి వాడుకలోనున్నవి ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరమునుండి 2008 నాటి పోటీకై వెలువడిన నమోదులు. తొమ్మండుగురు మనుష్యులు, 22 ఎలెక్ట్రోడులు, నాలుగు ఊహలు: ఎడమచేయి, కుడిచేయి, రెండు పాదములు, నాలుక. ఒకనాటి నమోదులతో యంత్రమునకు నేర్పి, వేరొకనాటి నమోదులతో పరీక్షించిరి. ఇది మెచ్చదగిన పద్ధతి. ఒకేనాటివానిని కలగలిపి నేర్పి పరీక్షించినచో, ఎలెక్ట్రోడుల ఆనాటి అమరికను సైతము యంత్రము నేర్చుకొని అంకె ఉబ్బును.

గెలిచిన పద్ధతికి కప్పా అను కొలతలో సగటు 0.57 వచ్చెను. గ్రుడ్డి ఊహకు ఇందులో సున్న, తప్పులేని గుర్తింపునకు ఒకటి. అనగా నూటికి సుమారు 68. గ్రుడ్డిగా చెప్పినను 25 వచ్చును. ఒకనికి 0.77 రాగా, వేరొకనికి 0.27 మాత్రమే వచ్చినది. సగటు ఈ సంగతిని దాచుచున్నది.

ఇంతకంటె పెద్ద చిక్కు సూచనలోనే ఉన్నది. ఏమి ఊహింపవలెనో తెరపై ఒక బాణము చూపెడిది: ఎడమకు, కుడికి, క్రిందికి, పైకి. కనుగ్రుడ్డు ముందు భాగము ధనాత్మకము, వెనుక భాగము ఋణాత్మకము. అది కదలినంతనే తలపై ఎలెక్ట్రోడులకు విద్యుత్తు తగులును. చూపు బాణము వెంట పోయినచో యంత్రము చదువునది మెదడునా, కంటినా? నిర్వాహకులు దీనిని ఎరుగనివారు కారు. కంటి విద్యుత్తుకు మూడు ఎలెక్ట్రోడులను వేరుగా పెట్టి, వానిని గుర్తింపునకు వాడరాదనియు, కంటి ప్రభావమును తొలగింపవలెననియు షరతు విధించిరి. అయినను బాణమునకు మారుగా మాటతో సూచించినచో ఈ అనుమానము చాలవరకు తీరియుండెడిది. ఇవే నమోదులతో 80, 90 సాధించితిమను వ్యాసము కనబడినచో, వేరొకనాటి పరీక్షయు, కంటి షరతును పాటింపబడినవో లేవో పాఠకుడు ముందుగా చూడవలెను.

ఇది పండితుల పట్టింపు మాత్రమే కాదు. కన్నులు కదలింపగల రోగికి చూపును కనిపెట్టు యంత్రములు వేరుగా ఉన్నవి. మెదడు తరంగములే దిక్కైనవాడు కన్నులు సైతము స్వాధీనము తప్పినవాడు. కంటిని చదివి 90 తెచ్చుకొన్న యంత్రమును అతని తలకు తగిలించిన, దానికి చదువుటకు ఏమియు దొరకదు.