తెర మీద రైతు ఏం చేస్తాడు?

మన సినిమాల్లో కథ ఒకరిది, మాటలు మరొకరివి, స్క్రీన్‌ప్లే చాలాసార్లు దర్శకుడిది. ఈ పంపకాన్ని వృత్తి సౌలభ్యంగా భావించి ఊరుకుంటున్నాం. అభ్యుదయ రచయిత సినిమారంగంలో ఓడిపోయేది ఇక్కడేనని నా అభిప్రాయం. పాత్ర ఏం మాట్లాడాలో చెప్పే పని అతనికి దక్కుతుంది. ఏం చెయ్యాలో నిర్ణయించే హక్కు దక్కదు.

మాటల శక్తిని నేను తక్కువ చెయ్యడం లేదు. 1938లో 'మాలపిల్ల'కు తాపీ ధర్మారావు రాసిన సంభాషణలు వాడుకభాషకు తెర మీద గౌరవం తెచ్చాయి. 1955లో ఆయన కుమారుడు చాణక్య తీసిన 'రోజులు మారాయి'కి కూడా మాటలు ఆయనవే. యువరైతు వేణు తోటి రైతులను కూడగట్టి పెత్తందారును ఎదిరించడం అందులోని వస్తువు. అయితే ఆ చిత్రం పేరెత్తగానే జనానికి గుర్తొచ్చేది కొసరాజు 'ఏరువాక' పాట, దానికి వహీదా రెహమాన్ చేసిన నృత్యం. దుక్కి పాటకు నర్తకి కావలసి వచ్చిందంటే, రైతు శ్రమ తెర మీదికి రావడానికి వ్యాపారం విధించిన షరతు అదే కదా!

1980లో విడుదలైన 'మాభూమి'ని దీనితో పోల్చి చూడాలి. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతం ఘోష్ తీసిన ఆ చిత్రంలో రామయ్య ఊరు విడిచి హైదరాబాదు చేరతాడు, కార్మికుల మధ్య చైతన్యం పొందుతాడు, పోరాటానికి తిరిగి వస్తాడు. అతనిలోని మార్పును ఉపన్యాసం చెప్పదు, అతని ప్రయాణం చూపుతుంది. స్క్రీన్‌ప్లే అంటే ఇదే.

మా మార్టూరు ప్రాంతపు పత్తి, మిరప రైతుల మీద యువకులు రాసే సినిమా కథలు నేను చదువుతుంటాను. చాలావాటిలో రైతు చివర పురుగుమందు తాగుతాడు. అంతకుముందు ఆవేశంగా మాట్లాడతాడు. మాటలు బాగానే ఉంటాయి. కాని కల్లంలో కాయ ఆరబెట్టి, తాలు ఏరి, టిక్కీలు తొక్కించి గుంటూరు యార్డుకు చేర్చిన మనిషి, ధర చెప్పేవాడి ముందు నిలబడ్డ ఘడియ కనిపించదు. కాయ చేతిలోకి తీసుకునేదెవరు? ధర పలికేదెవరు? పాత అప్పు తలచుకుని తల ఊపేదెవరు? ఈ మూడింటిలో వర్గ సంబంధమంతా ఉంది. ఒక్క సంభాషణ అక్కర్లేదు.

ఇక వ్యాపారం సంగతి. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు, ఆలోచనకు కాపీరైటు ఉండదనీ దాన్ని వ్యక్తం చేసిన రూపానికే ఉంటుందనీ చెప్పింది. నోటితో కథ వినిపించే అలవాటున్న మన పరిశ్రమలో దీని అర్థం తీవ్రమైనది. విన్నవాడు ఇతివృత్తాన్ని పట్టుకుపోతే చెప్పినవాడు చేయగలిగింది స్వల్పం. దృశ్యం వెంట దృశ్యంగా కాగితం మీద పెట్టినప్పుడే నిలబడడానికి చోటు దొరుకుతుంది. 2012 చట్ట సవరణ మరో అడుగు వేసింది. సినిమాహాలు వెలుపలి వినియోగం మీద రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును రచయిత నిర్మాతకు రాసివ్వడానికి వీల్లేదు. అయితే విడివిడిగా బేరమాడే రచయితలకు ఏ చట్టమూ తనంత తానుగా అన్నం పెట్టదు. సంఘటితంగా అడగాలి.

కాబట్టి యువ రచయితలు మాటల దగ్గర ఆగిపోకుండా దృశ్యనిర్మాణం నేర్చుకోవాలి, దాని మీద తమ పేరు కోరాలి. రచయిత మాటలమ్ముకునే కూలీగా మిగిలినంత కాలం తెర మీద రైతు కూడా మాట్లాడి చచ్చిపోతూనే ఉంటాడు.