బుగ్గ లోపలి పొర

పల్నాడులో నోటి ఆపరేషన్ చేసేవాడికి అసలు కష్టం ఆపరేషన్ అయ్యాకే. 'కొన్నాళ్లు కారం ముట్టొద్దు' అంటే, మా నడికుడి పేషెంటు నేనేదో పెద్ద జబ్బు దాస్తున్నట్టు చూస్తాడు.

ఖైనీ, గుట్కా బుగ్గన పెట్టేవాళ్లకు లోపల తెల్లమచ్చలు వస్తాయి. ముక్క తీసి పరీక్షకు పంపి, అనుమానముంటే మచ్చంతా కోసి తీసేస్తాం. చిన్న పుండైతే అంచులు కలిపి కుట్టేయొచ్చు. పెద్దదాన్ని లాగి కుడితే నోరు తెరుచుకోదు. అలాగే వదిలేస్తే మంట, పైగా మానేకొద్దీ ముడుచుకుపోతుంది. ఒకప్పుడు తొడ చర్మం పలచగా తీసి వేసేవారు. అప్పుడు పేషెంటుకు రెండు పుండ్లు. ఇప్పుడు చాలాచోట్ల కొలాజెన్ షీట్ వేస్తున్నాం. తోలులో ఉండే ప్రోటీనే కొలాజెన్.

చూడ్డానికి తడిసిన అప్పడంలా ఉంటుంది. నిల్వ ద్రవం పోయేదాకా సెలైన్లో కడిగి, పుండు మీద పరిచి వేలితో అదిమితే నెత్తుటి చెమ్మకు అతుక్కుంటుంది. కింద గాలిబుడగ మిగలకూడదు. షీట్‌కు కత్తిమొనతో చిన్న గాట్లు పెడితే ఊరిన నీరు బయటికి పోతుంది. చుట్టూ కుట్లేసి, పైన గాజుగుడ్డ ఉండను బిగించి కట్టాలి. నోరు ఊరుకోదు కదా: మాట, మింగుడు, ఆవలింత. నన్నడిగితే పనితనమంతా ఈ కట్టులోనే ఉంది. షీట్ కరిగిపోయేలోగా కొత్త పొర అంచుల నుంచి పాకుతూ వస్తుంది.

ఈ కొలాజెన్ అణువులో మూడు పోగులు పేనుకుని ఉంటాయని మద్రాసులో శాస్త్రవేత్తలు జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో ప్రతిపాదించారు. అదే ఊళ్లోని తోళ్ల పరిశోధన సంస్థ తోలును చెప్పుల దగ్గరే వదిలేయకుండా వైద్యానికి పనికొచ్చే కొలాజెన్ మీదా పనిచేసింది. ఆ సంస్థకు ఏళ్ల తరబడి డైరెక్టరుగా ఉన్న యలవర్తి నాయుడమ్మ గారిది మన తెనాలి పక్క యలవర్రు.

'ఈ షీట్ దేన్నుంచి తీశారయ్యా?' అని కొందరు అడుగుతారు. ఎక్కువగా పశువుల నుంచే. అడగనివాళ్లకూ ముందే చెప్తాను. చెప్పకుండా వేయడం నాకు నచ్చదు. వద్దంటే వాళ్ల రక్తమే కాస్త తీసి, యంత్రంలో తిప్పి, నెత్తురు గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఫైబ్రిన్‌తో పొర చేయొచ్చు. ఫ్రాన్సులో షుక్రూన్ అనే డాక్టరు 2001లో చూపిన పద్ధతి అది.

కట్టు తీశాక ఐస్‌క్రీం పుల్లలు ఇస్తాను. పళ్ల మధ్య దొంతరగా పెట్టి, ఒక్కొక్కటే పెంచుతూ నోరు సాగదీయాలి. అది మానేస్తే ఎంత మంచి పొర వేసినా బుగ్గ బిగుసుకుపోతుంది. మళ్లీ గుట్కా మొదలెడితే పుల్లలు కూడా ఇవ్వనని బెదిరిస్తుంటాను. ఇస్తాను లెండి.