ఎల్లిస్‌విల్ నుంచి పాసడీనా దాకా

1955 డిసెంబరు 10న కాలిఫోర్నియాలోని పాసడీనాలో, ప్రసిద్ధమైన రోజ్ బౌల్ మైదానంలో రెండు జూనియర్ కాలేజీల ఫుట్‌బాల్ జట్లు తలపడ్డాయి. ఒకటి లాస్ ఏంజెలెస్ పక్కనే ఉన్న కాంప్టన్ కాలేజీది. రెండోది మిసిసిపీ రాష్ట్రంలోని ఎల్లిస్‌విల్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన జోన్స్ కౌంటీ జూనియర్ కాలేజీది. కాంప్టన్ 22-13 తేడాతో గెలిచింది. గెలుపోటముల కన్నా ఆ ఆట జరగడమే విశేషం. కాంప్టన్‌లో తెల్లవారూ నల్లవారూ ఒకే జట్టుగా ఆడేవారు. జోన్స్ జట్టులో అందరూ తెల్లవారే. నల్లవారున్న జట్టుతో తమ రాష్ట్ర కాలేజీలు ఆడరాదన్న కట్టుబాటు మిసిసిపీలో ఉండేది. కాగితం మీద లేకపోయినా దాన్ని దాటే ధైర్యం పెద్ద విశ్వవిద్యాలయాలకు కూడా లేదు.

అమెరికాలో జూనియర్ కాలేజీ అంటే హైస్కూలు ముగించినవారు చేరే రెండేళ్ల కాలేజీ. తెలుగు రాష్ట్రాల ఇంటర్‌కు పైమెట్టు, డిగ్రీకి సగం దారి. ఫీజు తక్కువ, ఇంటి నుంచే వెళ్లి రావచ్చు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1944 నాటి జి.ఐ. బిల్లు సాయంతో మాజీ సైనికులు కూడా వచ్చి చేరడంతో ఈ కాలేజీలు కిక్కిరిశాయి. కోచ్‌కు మాత్రం ఇక్కడ కష్టమెక్కువ. కుర్రాడికి ఆట ఒంటబట్టేసరికి రెండేళ్లు నిండిపోతాయి, పెద్ద విశ్వవిద్యాలయం వచ్చి తీసుకుపోతుంది. ఏటా శరదృతువులో కొత్త ముఖాలతో జట్టు కట్టుకోవాలి, నవంబరు చివరికల్లా సీజన్ అయిపోతుంది. అంత తక్కువ వ్యవధిలో జట్టును తీర్చిదిద్దిన కోచ్‌లకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

ఈ ఫుట్‌బాల్ కోలగా ఉండే బంతితో, చేతులతో ఆడేది. వైపుకు 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి, లేదంటే బంతి ఎదుటివారిది. 1953లో మార్చిన కాలేజీ నియమాల ప్రకారం అప్పట్లో ఆటగాళ్లను ఎప్పుడు పడితే అప్పుడు మార్చడానికి వీలుండేది కాదు. అందుకే దాడిలో పరుగెత్తినవాడే రక్షణలోనూ నిలబడి ఎదుటివాణ్ణి పడగొట్టాల్సి వచ్చేది. బంతి కదిలే ముందు రెండు వరుసలూ నేలకు చెయ్యి ఆనించి వంగి ఉంటాయి. వాటి మధ్య ఎడం బంతి పొడవంతే. ఒకరి ఊపిరి ఒకరికి వినిపించే దూరం అది. బంతి వెనక్కి అందగానే భుజాలు ఢీకొంటాయి, ఇద్దరూ ఒకే మట్టిలో పడి లేస్తారు. తప్పు ఎవరు చేసినా జరిమానా అన్నే గజాలు. మంచినీళ్ల కుళాయి దగ్గర, బస్సు సీటు దగ్గర కూడా రంగును బట్టి వేరు చేసిన వ్యవస్థకు ఈ ఆట మింగుడు పడకపోవడానికి కారణం ఇదే.

కాంప్టన్‌కు అప్పటికే పెద్ద పేరుంది. కాలిఫోర్నియా మేటి జట్టుకూ, మిగతా దేశం నుంచి ఎంపిక చేసిన జట్టుకూ మధ్య అప్పట్లో జరిగే ఈ జూనియర్ రోజ్ బౌల్ పోటీ 1946లో మొదలైంది. ఆ తొలి ఏడాదే కాంప్టన్ టెక్సస్‌కు చెందిన కిల్గోర్ కాలేజీని 19-0తో ఓడించింది. 1948లో హ్యూ మెకెల్‌హెనీ అనే తెల్ల కుర్రాడు ఉండగా సీజన్ అంతా ఓటమి లేకుండా సాగి, జూనియర్ రోజ్ బౌల్‌లో డులూత్ జట్టు మీద 48-14తో గెలిచింది. అంతకు కొన్నేళ్ల ముందు అదే కాలేజీ తరఫున పరుగెత్తిన నల్లజాతి కుర్రాడు జో పెరీ. 1954లో ఈ ఇద్దరూ శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టులో పక్కపక్కన నిలబడ్డారు. తర్వాత ఇద్దరికీ వృత్తి ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. కలిపి ఆడిస్తే ఆట చెడుతుందన్నవారికి ఇంతకు మించిన జవాబు అక్కర్లేదు. అలాగని కాలిఫోర్నియా మచ్చలేని నేల కాదు. నల్లవారికి ఇల్లు అమ్మబోమన్న ఒప్పందాలు అక్కడా ఉండేవి. వాటిని కోర్టులు అమలు చేయరాదని సుప్రీంకోర్టు తేల్చింది 1948లోనే.

జోన్స్ కుర్రాళ్లకు ఆహ్వానం అందిన కాలం ఎలాంటిదో గుర్తుంచుకోవాలి. బడుల్లో వర్ణ విభజన చెల్లదని 1954 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రెండు నెలలు తిరక్కుండానే దాన్ని అడ్డుకోవడానికి మిసిసిపీలోని ఇండియనోలాలో శ్వేత పౌరుల మండలి పుట్టింది. 1955 ఆగస్టులో ఆ రాష్ట్రంలోనే ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి బాలుణ్ణి చంపేశారు. నిందితులిద్దరినీ సెప్టెంబరులో తెల్లవారే ఉన్న జ్యూరీ నిర్దోషులంది. డిసెంబరు 1న అలబామాలోని మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ బస్సులో సీటు వదలనన్నారు. మర్నాడే జార్జియా గవర్నర్ మార్విన్ గ్రిఫిన్, నల్ల ఆటగాడున్న పిట్స్‌బర్గ్ జట్టుతో జార్జియా టెక్ ఆడకూడదని పట్టుబట్టాడు. జోన్స్ మీదా ఒత్తిడి వచ్చింది, పత్రికల్లోనూ విమర్శలు వచ్చాయి. కాలేజీ వెనక్కి తగ్గలేదు. ఒప్పుకున్న ఆట ఆడడానికి జట్టు పాసడీనా వెళ్లింది.

50 వేలకు పైగా జనం చూశారు. ఆట ఆటలాగే జరిగింది.

ఆ తర్వాత మిసిసిపీలో కట్టుబాటు సడలలేదు, ఇంకా బిగిసింది. మిసిసిపీ స్టేట్ బాస్కెట్‌బాల్ జట్టు తన విభాగంలో విజేతగా నిలిచి కూడా, నల్ల ఆటగాళ్లతో ఆడాల్సి వస్తుందని జాతీయ టోర్నమెంటుకు పదేపదే దూరంగా ఉండిపోయింది. 1963లో ఆ జట్టు కోర్టు ఉత్తర్వును తప్పించుకుని, రహస్యంగా రాష్ట్రం దాటి వెళ్లి, షికాగోకు చెందిన లయోలా జట్టుతో ఆడింది.

జోన్స్ కాలేజీని విప్లవకారుల జాబితాలో చేర్చనక్కర్లేదు. తెల్లవారి కాలేజీగానే బయల్దేరింది, తెల్లవారి కాలేజీగానే తిరిగొచ్చింది. అయినా ఆ కుర్రాళ్లూ, వాళ్లను పంపిన పెద్దలూ చేసింది చిన్న పని కాదు. పౌరహక్కుల చరిత్రలో మాంట్‌గోమరీ బస్సు పక్కన ఈ ఆటకు కనీసం ఒక పేరా దక్కాలి. మిసిసిపీ విశ్వవిద్యాలయం తరఫున నల్లజాతి ఆటగాడు బెన్ విలియమ్స్ ప్రధాన ఫుట్‌బాల్ జట్టులో మైదానంలోకి దిగింది 1972లో, అంటే ఎల్లిస్‌విల్ జట్టు పాసడీనాలో ఆడిన 17 ఏళ్లకు.