వేపచెట్టు కింద విరిచిన బండి

శనగ నూర్పిళ్లు ముగిసి ఉగాది దాటిందంటే కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు ఊళ్లలో వేపచెట్ల కింద ట్రాక్టర్లు రెండు ముక్కలై కనబడతాయి. ముందు సగం చెక్కదిమ్మెల మీద, వెనక సగం జాకీ మీద. తెలియనివాళ్లకు ఆ బండి పాత ఇనుముకే అనిపిస్తుంది. నిజానికి క్లచ్ ప్లేటు మారుస్తున్నారంతే. లారీకున్నట్టు చాలా ట్రాక్టర్లకు విడిగా ఛాసిస్ ఉండదు. ఇంజనూ, గేర్‌బాక్సూ, వెనక ఇరుసూ బోల్టులతో ఒకదానికొకటి బిగిసి, అవే వెన్నెముక అవుతాయి. క్లచ్ చూడాలంటే నడుము విరవాల్సిందే.

ఈ పని ఎండల్లోనే కావాలి. రేగడిలో శనగ అక్టోబరు, నవంబరుల్లో పడుతుంది. నేలలో దాగిన పదునుతోనే పండాలి. పదును ఆరితే నేల నెర్రెలిస్తుంది, గింజ మొలవదు. ఆ నాలుగు రోజుల్లో సెల్ఫ్ కొట్టినా బండి పలకకపోతే బాడుగ బండి కోసం ఊరంతా తిరగాలి. అప్పటికి అందరి చేలూ పదునులోనే ఉంటాయి మరి.

పాత బండ్లలో మాస్సీ 1035ది పెద్ద వంశం. 1950లలో ఇంగ్లండులోని కోవెంట్రీలో తయారైన 35 దానికి తాత. మద్రాసులో 1960లో మొదలైన టాఫే దాన్ని ఇక్కడికి తెచ్చింది; మూడు సిలిండర్ల డీజిల్ ఇంజను మద్రాసు సింప్సన్‌ది. వెనకనున్న మూడు చేతుల లిఫ్టు, ఐర్లండువాడైన హ్యారీ ఫెర్గూసన్ ఆలోచన. గొర్రు గట్టినేల తగిలి బరువెక్కగానే ఆ ఒత్తిడి పై లింకు గుండా హైడ్రాలిక్ వాల్వుకు చేరి, గొర్రు కాస్త పైకి లేస్తుంది. మడక పట్టిన సేద్యగాడు చేత్తో చేసిన పనే అది. డిజైను ఏళ్ల తరబడి పెద్దగా మారలేదు కాబట్టి, దాని సామాను నంద్యాల, ప్రొద్దుటూరు అంగళ్లలో ఇప్పటికీ అడిగితే దొరుకుతుంది.

సీమలో ఇంజన్ను తినేది వయసు కాదు, దుమ్ము. ఎయిర్ క్లీనర్ కింద గిన్నెలో ఆయిల్ ఉంటుంది. లోపలికొచ్చిన గాలి దాని మీద గిర్రున తిరిగేచోట మట్టి బరువుకు ఆయిల్లో పడిపోతుంది. వేసవి దుక్కులప్పుడు ఆ గిన్నె విప్పితే అడుగున రాగిసంకటిలా గడ్డకట్టిన బురద. అనుభవమున్న మెకానిక్ అక్కడితో ఆగడు. క్లీనర్‌కీ ఇంజనుకీ మధ్యనున్న రబ్బరు గొట్టం ఊడదీసి లోపల వేలు పెట్టి తుడుస్తాడు. వేలికి మట్టి అంటిందా, ఎక్కడో క్లిప్పు వదులుగా ఉందన్నమాట.

"అన్నా, పొగ నీలంగా వస్తాంది. ఇంజను దించాల్నా?"

"ఉండబ్బీ, ముందు బ్రీదర్ చూడనీ."

నీలంపొగ అంటే ఆయిల్ కాలుతోంది. నల్లపొగ అంటే గాలి చాలక డీజిల్ సగం కాలుతోంది. అది ఒక్కోసారి క్లీనర్ కడిగితేనే పోతుంది. ఇంజను లోపలి గాలిని బయటికొదిలే బ్రీదర్ గొట్టంలోంచి కూడా పొగ ఎగదన్నుతుంటే రింగులు అరిగినట్టే, ఇక 'ఓవరాయిలింగ్' తప్పదు. స్లీవులు, పిస్టన్లు, రింగులు కొత్తవి. క్రాంకు మాత్రం పాతదే, గ్రైండింగుకు పోతుంది. ఒక్కో సైజుకు అంగుళంలో నూరోవంతు, అంటే పావు మిల్లీమీటరు అరగదీసి, దానికి తగిన బేరింగులు వేస్తారు. 10, 20, 30 అని లెక్క. పాత బండి కొనేవాడు ముందు అడిగేది క్రాంకు ఎన్నో సైజులో ఉందని. ఆ లెక్క దానికి మిగిలిన ఆయుష్షు చెబుతుంది.

ఇంత ఖర్చు పెట్టాక చాలామంది చేసే పొరపాటొకటుంది: పసిబిడ్డను చూసుకున్నట్టు బండిని గంటల తరబడి న్యూట్రల్లో ఆడిస్తారు. స్లీవు లోపల సన్నగా అడ్డంగా గీతలుంటాయి. అవి ఆయిల్ను పట్టి ఉంచుతాయి. రింగులు ఆ గోడకు ఒత్తుకుని కుదురుకోవాలంటే బండికి పని ఉండాలి. మొదట్లో తేలిక దుక్కి దున్నించడమే మేలు. ఊరకే ఆడించిన ఇంజను తర్వాత ఎంత చేసినా ఆయిల్ తాగుతూనే ఉంటుంది.

పాత బండి అంతా మంచిదేనని నేననను. బోల్తాపడితే డ్రైవరును కాచే ఇనుప చట్రం వీటిలో చాలావాటికి లేదు, వెనక తిరుగుతూ పనిముట్లను నడిపే పి.టి.ఓ. షాఫ్టుకు మూత ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది, పంచె చిక్కితే అంతే. రిపేరుకు పెట్టే డబ్బులో ఆ మూతకూ కాస్త తీయాలి. కానీ 2023 జనవరి నుంచి 50 హెచ్.పి. దాటిన కొత్త ట్రాక్టర్లకు వచ్చిన పొగ నిబంధనలతో ఇంజన్లలోకి ఎలక్ట్రానిక్సు చేరాయి. వాటికి పానా ఒక్కటే చాలదు, ల్యాప్‌టాప్ కావాలి.

రంగు పని చివరిది. సంతలో తళతళలాడే ఎర్ర బండి కనబడితే అనుభవమున్న రైతు బానెట్ వైపు చూడడు. వంగి హెడ్డు బోల్టుల మూలల్లో రంగు లేచిందా, అతికినట్టే ఉందా అని గోటితో గీకి చూస్తాడు. ఆ తర్వాతే ధర అడుగుతాడు.