ఓడ చుట్టరికం

ఉత్తర అమెరికాలో తెలుగువారి తొలి మహాసభ 1977లో న్యూయార్కులో జరిగింది. మహాసభలతోపాటు జ్ఞాపికలు వెలువరించడం ఇక్కడి సంఘాలకు ఆచారమైంది. మా సాయంకాలపు తరగతిలో పాఠ్యపుస్తకాలు చాలనప్పుడు ఆ జ్ఞాపికలనే ముందుంచుకొని అక్షరాలు కూడబలుక్కున్నాము. ఆ ఋణం మరువలేదు. అయినా వాటిలోని కథలను వరుసగా చదివినప్పుడు మాకు ఒక వెలితి తోచింది.

మేము చదివిన కథలలో దుఃఖమంటే ప్రధానంగా ఊరిమీది బెంగ. గోదావరి గట్టునూ, సంక్రాంతి ముగ్గులనూ, అమ్మ కలిపిన గోంగూర ముద్దనూ తలచుకొని పాత్రలు కన్నీరు పెడతాయి. విమానాశ్రయానికి ఎదురువచ్చినవారు, బాలింతకు పథ్యం వండి పంపినవారు, కారు నడపడం నేర్పినవారు మాత్రం ఒక వాక్యంలో కనిపించి తప్పుకొంటారు. సాయం అడగవలసివచ్చిన మనిషి సంకోచానికి ఆ వాక్యం కూడా దక్కదు. దాతల పేర్లకు పుటలున్నాయి. అడిగినవారి మాటకు చోటు లేదు.

ఈ లోపం మా కంటబడడానికి మా పుట్టుకే కారణం. మా పూర్వులు గిర్మిటు కూలీలుగా ఫిజీ వెళ్ళారు. 1903 నుండి 1916 వరకు మద్రాసు రేవునుండి సుమారు 15,000 మంది ఆ దీవులకు చేరారు. అయిదేండ్ల ఒప్పందం, చెరకుతోటల చాకిరీ, ఊరూ కులమూ వేరైన సహవాసం వారికి మిగిలాయి. ఒకే ఓడలో వచ్చినవారు ఒకరినొకరు 'జహాజీ భాయి' అని పిలుచుకొన్నారు. రోగం వచ్చినా, పెళ్ళి వచ్చినా నోరు తెరిచి అడిగే హక్కును ఆ పిలుపు ఇచ్చింది. మా ఇంట మేము తాతయ్యా అని పిలిచిన పెద్దాయన మాకు రక్తసంబంధి కాడని పెద్దయ్యాకగాని మాకు తెలియలేదు. అటువంటి జనమే 1926లో దక్షిణాదివారి సన్మార్గ ఐక్య సంగాన్ని, 1941లో తెలుగువారి దక్షిణ ఇండియా ఆంధ్ర సంగాన్ని నిలుపుకొన్నారు.

అమెరికా సంఘాలు ఆదుకోవడం లేదని మేము అనము. ప్రమాదమో మరణమో సంభవిస్తే తానా టీమ్ స్క్వేర్ వంటి బృందాలు పరుగున వస్తాయి. ఒంటరితనం అలా వార్తకెక్కదు. హెచ్-4 వీసాపై వచ్చిన జీవిత భాగస్వాములకు 2015 వరకు ఉద్యోగానుమతే లేదు. ఆ తరువాత కూడా కొందరికే లభించింది. నాలుగు గోడల మధ్య గడిచిన ఆ పగళ్ళలో వారిని ఎవరు పలకరించారు? ఎవరు పలకరించలేదు? జ్ఞాపికలలో మేము వెదకిన కథ అది.

రచన పంపదలచినవారికి మా మనవి ఇది. ఊరిని తప్పక తలచుకోండి. దానితోపాటు, ఈ దేశంలో మీరు మొదట ఎవరి తలుపు తట్టారో, తట్టేముందు ఎంతసేపు బయట నిలుచున్నారో కూడా రాయండి. మన పిల్లలు తెలుగుతోపాటు, కష్టం వచ్చినప్పుడు అడగడం కూడా నేర్చుకొంటారు.